అడిగినవాళ్లకు లెక్క చెప్పాలి

బెంగళూరు నుంచి అనంతపురం వైపు వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండకు ముందు తగిలే మండల కేంద్రం సోమందేపల్లె. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఈ ఊరికి ఒక పూట ప్రయాణ దూరంలో, భూమి వేడెక్కకుండా ఆపడానికి ప్రపంచం చెబుతున్న ఉపాయాలు దాదాపు అన్నీ కనబడతాయి. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి నడుస్తున్న కియా కర్మాగారంలో ఇప్పుడు విద్యుత్ కార్లూ తయారవుతున్నాయి. ఉత్తరాన రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. తూర్పున కదిరి అవతల నంబులపూలకుంటలో సౌర పలకలు పరుచుకున్నాయి. చేలల్లో డ్రిప్పు పైపులు, ఫారం పాండ్లు సరేసరి. ఇన్ని కళ్లెదుట ఉన్న సీమలో రచ్చకట్ట మీద కూర్చుని వాతావరణ మార్పు మాట ఎత్తి చూడండి. ముందుగా ఎదురయ్యేది అనుమానమే.

"కరువు మాకేమన్నా కొత్తనా? మా జేజి కాలంలోనూ ఇట్లే ఉండె." "ఫ్యాన్లు పెట్టి ఇన్నేండ్లాయె, ఒక వానన్నా ఎక్కువ పడిందా?" "కరెంటు మా కొండ మీద పుడతాది, యాడికి పోతాదో మాకు తెల్దు." ఇలాంటి మాటలు విన్న అధికారులు, నిపుణులు చాలామంది ఇది తెలియనితనమని తీర్మానించేస్తారు. అవగాహన సదస్సు ఒకటి పెట్టి, కరపత్రాలు పంచి, ఫొటో దిగి వెళ్లిపోతారు. అడిగిన ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. ఈ ప్రశ్నలను తెలియనితనం కింద కొట్టిపారేయడం అన్యాయం. పైగా ఆ కొట్టివేతే అనుమానాన్ని మరింత పెంచుతోంది.

ప్రపంచంలో మరో రకం అవిశ్వాసం ఉంది. బొగ్గు, చమురు అమ్ముకుని బతికే కంపెనీలు డబ్బు పోసి పెంచినది అది. అమెరికాలోని ఎక్సాన్ సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్తలే 1970ల చివరి నుంచి భూమి ఎంత వేడెక్కబోతోందో లెక్కవేసి యాజమాన్యానికి చెప్పారు. ఆ సంస్థ మాత్రం ఏళ్ల తరబడి బయట ప్రజలకు అంతా సందిగ్ధమేనని చెబుతూ వచ్చింది. తెలిసి దాచినవాళ్ల అవిశ్వాసం అది. సోమందేపల్లె రైతు అనుమానం దాచుకోవడానికి పుట్టినది కాదు. ఎన్నో మాటలు విని, ఎన్నో పథకాలకు పేరు రాయించుకుని, చివరికి అప్పు తానే కట్టుకున్న మనిషి అనుమానం అది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఆయన మాటలో సగం నిజమే. కరువు ఈ నేలకు పాతకాపు. నైరుతి మబ్బు పడమటి కనుమలకు తగిలి అక్కడే కురిసి, మిగిలిన తేమతో ఇటు వస్తుంది. ఈశాన్య మబ్బు తూర్పు తీరాన్ని తడిపి ఇక్కడికి చేరేసరికి అలసిపోతుంది. రెండు ఋతుపవనాలకూ చివరి పంక్తిలో కూర్చున్న ఊళ్లు ఇవి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో ఉమ్మడి అనంతపురం దేశంలోని అతి తక్కువ వాన పడే జిల్లాల సరసన నిలిచింది. 1876లో మొదలైన ధాత కరువును రాయలసీమ తరాల పాటు తలుచుకుంది. అప్పటికి గాలిలో ఫ్యాక్టరీ పొగ ఇప్పటితో పోలిస్తే లెక్కలోకి రాదు. పసిఫిక్ సముద్ర జలాలు అసాధారణంగా వేడెక్కే ఎల్ నినో ఆ కరువు వెనక ఉన్నదని తర్వాతి శాస్త్రం తేల్చింది. ఆ ముడి విప్పడంలో మన దేశపు వాతావరణ శాఖకూ పాత్ర ఉంది. 1904 నుంచి 1924 దాకా ఆ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, మన వానలు ఎందుకు తప్పుతున్నాయో వెతుకుతూ వెతుకుతూ మహాసముద్రాల మీది గాలి పీడనాల ఊగిసలాటను పట్టుకున్నాడు. 1952 కరువులో గంజి కేంద్రాల ముందు వరుసలో నిలబడినవాళ్ల పిల్లలు, మనవలు ఇంకా మన మధ్య ఉన్నారు. కాబట్టి ప్రతి ఎండుకారునూ వాతావరణ మార్పు ఖాతాలో రాసేవాళ్లను ఈ సీమ అనుమానంగా చూస్తే అది తప్పు కాదు. అనంతపురం వానల్లో ఏటికేటికీ ఉండే హెచ్చుతగ్గులు సహజంగానే చాలా పెద్దవి. వాటిలోంచి కొత్త మార్పును వేరుచేసి చూపించడం శాస్త్రజ్ఞులకే కష్టం.

మిగిలిన సగం దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. వాన లెక్క గజిబిజిగా ఉన్నా, వేడి లెక్క స్పష్టంగా ఉంది. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వేడిని పట్టి ఉంచుతుందన్నది నిన్నమొన్నటి సిద్ధాంతం కాదు. 1856లో అమెరికాలో యునిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి చూసి, ఆ వాయువు ఎక్కువగా వేడెక్కుతుందని గమనించింది. కొద్ది ఏళ్లకే జాన్ టిండాల్ ఆ గుణాన్ని కొలిచాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అరేనియస్, గాలిలో అది పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్కగట్టాడు. వాతావరణ రాజకీయం పుట్టకముందే పుట్టిన శాస్త్రం ఇది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో ఆ వాయువు సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక చెప్పింది.

ముప్పావు డిగ్రీ కూడా లేని పెరుగుదల ఏమంత పెద్దదని అడిగేవాళ్లకు ఈ ప్రాంతపు పట్టు రైతులే జవాబు చెప్పగలరు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టును నమ్ముకుని సోమందేపల్లె, పెనుకొండ, మడకశిర చుట్టుపక్కల ఎందరో మల్బరీ పెట్టుకున్నారు. మేలురకం గూడు కట్టే బైవోల్టిన్ పురుగుకు షెడ్డులో వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు మించి ఎండ కాసిందంటే పురుగు సరిగా మేయదు, రోగం తగులుతుంది, గూడు పలచబడుతుంది. ఎండాకాలం వస్తే షెడ్డు చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, పైకప్పు మీద నీళ్లు చల్లి, రాత్రీ పగలూ కాపలా కాస్తారు. సగటులో కొద్దిపాటి పెరుగుదల అంటే మండిపోయే రోజులు ఎక్కువ కావడమేనని, ఆ రోజులకు ఖర్చు, కష్టం ఎక్కువని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాన కూడా తీరు మార్చుకుంటోందన్న సూచనలు ఉన్నాయి. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. పట్టుకున్నది ఒకేసారి కుమ్మరించగలదు. 2021 నవంబరులో చిత్రావతి, పెన్నా పరీవాహకాలు వరదెత్తాయి. పొరుగున కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఏ ఒక్క వరదనూ వేలెత్తి చూపి ఇది వేడెక్కిన భూమి పనేనని ఖాయంగా చెప్పలేం. ఆక్రమించిన వంకలు, పూడిన చెరువుల పాపం అందులో ఎంతో ఉంది. అయినా ఎండితే ఏళ్ల తరబడి ఎండటం, పడితే ఊరు మునిగేలా పడటం రానున్న కాలపు తీరు కావచ్చని శాస్త్రం హెచ్చరిస్తున్నప్పుడు, కరువు మాకు పాతదేలే అని ఊరుకోవడం ఈ నేలకే నష్టం. పాత కరువుకు పాత జ్ఞానం ఉంది. దాని మీద వచ్చిపడే కొత్త వేడికి కొత్త జ్ఞానం కూడా కావాలి.

అనుమానాలు రెండు. భూమి వేడెక్కుతోందా అన్నది ఒకటి. వేడెక్కుతోందని చెప్పి తెచ్చిపెడుతున్న పరిష్కారాలు మాకు మేలు చేస్తాయా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికింది. రెండోది ప్రతి ఊళ్లో, ప్రతి పథకానికీ విడివిడిగా అడగాల్సిన ప్రశ్న. ఇల్లు కురుస్తోందని చెప్పి పనికిమాలిన రేకులు అంటగట్టినవాడి మీద కోపం న్యాయమే, అంతమాత్రాన ఇల్లు కురవడం ఆగదు. రేకుల మీది కోపంతో వానే లేదనుకుంటే తడిసేది మనమే.

ఈ కోపానికి చరిత్ర ఉంది. కొర్ర, సజ్జ, జొన్న, రాగి పండిన మెట్టచేలల్లోకి వేరుశనగ వచ్చినప్పుడు అది కరువును తట్టుకునే పంట అని, చేతికి డబ్బు తెచ్చే పంట అని చెప్పారు. రెండూ కొంతవరకు నిజమే. జిల్లా జిల్లా అంతా ఒకే పంటకు తిరిగాక, ఊడలు దిగే వేళకు వాన మొండికేస్తే తిండిగింజా లేదు, డబ్బూ లేదు. తర్వాత బోరు వచ్చింది. ఎండిన పక్కన మరొకటి వేయడం, అప్పు చేసి ఇంకా లోతుకు దిగడం అలవాటయింది. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఈ సీమలో వింత కాదిప్పుడు.

2003 తర్వాత కొన్నేళ్ల పాటు మేఘమథనం నడిచింది. విమానం మబ్బులోకి వెళ్లి సిల్వర్ అయోడైడ్ వంటి లవణాల పొడి చల్లేది. ఈ విద్యకు ఒక హద్దు ఉంది: ఉన్న మబ్బు నుంచి కాస్త ఎక్కువ నీటిని రాబట్టే అవకాశం ఉందేమో గాని, లేని మబ్బును అది పుట్టించలేదు. ఆకాశం ఖాళీగా ఉన్న రోజే రైతుకు వాన కావాలి, ఆ రోజే విమానానికి పని ఉండదు. విమానం ఎగిరిందన్న వార్త ఊరూరా చేరింది, దాని హద్దు ఏమిటన్నది చేరలేదు. 2016 ఖరీఫ్‌లో ఆగస్టు ఎండగట్టినప్పుడు రెయిన్‌గన్లు వచ్చాయి. పైపులు, ఇంజన్లు, ట్యాంకర్లు చేలలోకి దిగాయి. దగ్గర్లో కుంటో, ఫారం పాండో నిండుగా ఉన్న రైతుకు అది నిజంగా ఆసరాయే. ఒక్క తడితో కాయ నిలిచిన చేలు ఉన్నాయి. నీటి చుక్క లేనిచోట గన్ను ఎంత గట్టిదైనా ఏం చిమ్ముతుంది? కరువును జయించామన్న ప్రకటనలు వెలువడ్డాయి. ఆ ఏడు పంట పోయిన రైతు ఆ ప్రకటన చదివి దేన్ని నమ్మాలి?

ఈ ఉపాయాల్లో ఏదీ పూర్తి అబద్ధం కాదు. ప్రతిదానికీ పనిచేసే చోటు ఒకటి, పనిచేయని చోటు ఒకటి ఉన్నాయి. ఆ రెండో చోటును చెప్పకుండా దాచడమే మన పాలకులు, నిపుణులు, కొన్నిసార్లు మన పత్రికలు కూడా చేస్తూ వచ్చిన తప్పు. హద్దు చెప్పి ఇచ్చిన పనిముట్టును రైతు హద్దులోనే వాడుకుంటాడు. హద్దు చెప్పకుండా ఇచ్చినది ఒకసారి విఫలమైతే దాంతోపాటు దాన్ని ఇచ్చినవాళ్ల మాట కూడా చెల్లకుండా పోతుంది.

గాలిమరల సంగతి చూడండి. ఆషాఢ శ్రావణాల్లో ఈ పీఠభూమి మీద వీచే గాలి మబ్బును నిలవనీయదు. అదే గాలి మరలకు బలం. అందుకే మరలు జోరుగా తిరిగే నెలలు, రైతు ఆకాశం వంక చూసి నిట్టూర్చే నెలలు ఒకటే. ఈ రెంటినీ పక్కపక్కన చూసిన జనానికి, ఫ్యాన్లు తిరిగి మబ్బుల్ని తరిమేస్తున్నాయనిపించింది. ఈ మాట ఇక్కడే కాదు, మహారాష్ట్ర కరువు ప్రాంతాల్లోనూ బలంగా వినిపించింది. శాస్త్రపరంగా ఇందులో నిజం లేదు. మర రెక్క కొస నేల నుంచి వంద, రెండు వందల మీటర్ల ఎత్తులో తిరుగుతుంది. వాన కురిసే మబ్బు కిలోమీటరుకు అటూఇటూ మొదలై కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. మబ్బును తెచ్చేదీ తీసుకుపోయేదీ వందల మైళ్ల మేర నడిచే గాలి వ్యవస్థ. కొండ మీది మరకు ఆ శక్తి లేదు. ఇంత చిన్న సంగతిని, మరలు నిలబెట్టకముందు, ఊళ్లోకి వచ్చి తెలుగులో కూర్చుని చెప్పినవాళ్లు ఎందరు? జవాబు రానిచోట జనం తామే ఒక జవాబు అల్లుకుంటారు. దాన్ని మూఢనమ్మకమని నవ్వేవాళ్లు, జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో కూడా అడగాలి.

అల్లుకున్న జవాబు తప్పయినా, దాని అడుగున ఉన్న బాధ నిజం. సోమందేపల్లెకు ఉత్తరాన చెన్నేకొత్తపల్లి మండలంలో ముష్టికోవిల అనే ఊరుంది. 1990ల ఆరంభంలో, బోడిబారిన తమ కొండలను మళ్లీ పచ్చగా చేసుకోవాలని ఆ ఊరివాళ్లు అనుకున్నారు. 1990లో ఆ ప్రాంతంలో పని మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ వాళ్లకు తోడు నిలిచింది. నిప్పు పడకుండా కాపలా పెట్టారు, గొడ్డలి పడకుండా చూశారు, విత్తనాలు చల్లారు. చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి. ఏళ్లు గడిచేసరికి వేల ఎకరాల ఉమ్మడి కొండలు గడ్డితో, ఈత చెట్లతో, నేరేడు, కానుగలతో తేరుకున్నాయి. వంకలో నీళ్లు నిలిచాయి. గొర్రెలకు మేత, ఇళ్లకు బోద, బుట్టలకు ఈతాకు దొరికాయి. తోడేళ్లు, పక్షులు తిరిగి వచ్చాయి. కల్పవల్లి అని పేరు పెట్టుకున్న ఆ అడవి నిశ్శబ్దంగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి నేలలో దాస్తూనే ఉంది. వాతావరణ పరిష్కారం అంటే ఏమిటో ఆ పేరు పెట్టకుండానే చేసి చూపించారు వాళ్లు.

2011 తర్వాత ఆ కొండల మీదికి నల్లకొండ గాలి విద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. సామర్థ్యం సుమారు 50 మెగావాట్లు. మరలను పైకి చేర్చడానికి కొండల నడుములు తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. చెట్లు పోయాయి. తవ్విన మట్టి వానకు జారి వంకల్లోకి దిగింది. గొర్రెల కాపరుల దారులు తెగాయి. అడ్డుకునే వీలు ఊళ్లకు పెద్దగా లేదు, ఎందుకంటే రెవెన్యూ రికార్డుల్లో ఆ కొండ ప్రభుత్వ బంజరు. ఇరవై ఏళ్లు పెంచినవాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేదు. పర్యావరణ ప్రభావ మదింపుపై 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ పరిధిలోకి గాలి విద్యుత్ రాదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. పెద్ద గనికి అనుమతి కావాలంటే ఊరిని అడగాలి, కొండను తొలిచి మరలు పెట్టాలంటే అడగనక్కర్లేదు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మరోవైపు ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి విధానం కింద ఆ ప్రాజెక్టు కాలుష్యాన్ని తగ్గిస్తున్నదిగా నమోదై కర్బన పరపతికి (కార్బన్ క్రెడిట్లకు) అర్హత పొందింది. గాలి విద్యుత్తు బొగ్గు మండించకుండా వస్తుంది, ఆ లెక్క సరైనదే. కొండ కోల్పోయినదాని లెక్క మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఒక చేత్తో రాసిన జమ చూపించి, మరో చేత్తో చేసిన ఖర్చు దాస్తే, ఆ పద్దును ఊరు ఎందుకు నమ్మాలి?

నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల సౌర పార్కు తలపెట్టారు. ఎన్‌టీపీసీ తొలి విడత 250 మెగావాట్లు 2016లో పనిచేయడం మొదలైంది. ఎండ ఇక్కడ దండిగా ఉంది, దేశానికి కరెంటు కావాలి, అందులో తగువు లేదు. తగువంతా నేల దగ్గరే. పట్టా ఉన్నవాళ్లకు ఒక దారి, అసైన్డ్ భూమివాళ్లకు ఒక దారి, తాతల నాటి నుంచి దున్నుకుంటున్నా చేతిలో కాగితం లేనివాళ్లకు ఏ దారీ లేదు. పరిహారం కోసం తిరిగినవాళ్లలో ఆ చివరి వరుసవాళ్లు ఎందరో. రాష్ట్రంలోనే గొర్రెలు ఎక్కువగా ఉన్న సీమ ఇది. కంచె వేసిన ప్రతి ఎకరం ఒక మందకు మూసుకుపోయిన దారి. దీన్ని లెక్కించి, మేతకు ప్రత్యామ్నాయం చూపించి కంచె వేస్తే సౌర పలకల మీద ఎవరికీ కక్ష ఉండదు.

అనుమానపడేవాళ్ల వైపు న్యాయం ఉన్నంతమాత్రాన వాళ్లు అడిగే ప్రతిదీ అలాగే వదిలేయకూడదు. జవాబు ఉన్నచోట జవాబు చెప్పడమే గౌరవం. విద్యుత్ కారుకు ఎక్కించే కరెంటు బొగ్గుదే కదా, లాభమేమిటని ఎర్రమంచి దారిలో వెళ్లేవాళ్లు అడుగుతారు. మన దేశపు కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇంకా బొగ్గు నుంచే వస్తోంది, నిజమే. అయినా తయారీ నుంచి తుక్కు దాకా మొత్తం జీవితకాలం లెక్కవేస్తే, మన దేశంలోనూ విద్యుత్ కారు పెట్రోలు కారు కంటే ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ వాయువును వదులుతుందని స్వచ్ఛ రవాణాపై పనిచేసే అంతర్జాతీయ మండలి 2021లో అంచనా వేసింది. బొగ్గు వాటా తగ్గేకొద్దీ ఆ లాభం పెరుగుతుంది. అంటే లాభం ఉంది, ప్రకటనల్లో చెప్పినంత లేదు. ఇలా చెబితే వినేవాడికి కోపం రాదు.

భూమిని వేడెక్కించింది మేమా అని అడిగే రైతుకు కూడా నిజాయితీగల జవాబు ఉంది. ఆయన కాదు. మన దేశంలో తలకు ఏటా సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాం, అది ప్రపంచ సగటులో సగం కూడా కాదు. అమెరికాలో అది 14 టన్నుల దరిదాపుల్లో ఉంది. సోమందేపల్లె రైతు వాటా మన సగటుకు కూడా చాలా దిగువన ఉంటుంది. తప్పు చేయనివాడిని త్యాగం చేయమని అడిగే ముందు, తప్పు చేసినవాళ్లు ఎంత చేస్తున్నారో ఆయనకు చెప్పాలి. ఆయన కొండ, ఆయన చేను వాడుకునేటప్పుడు అది దానమని కాక, బదులు తీర్చాల్సిన బాకీ అని గుర్తుంచుకోవాలి.

అనుమానం పనికొచ్చే దారి పట్టిన ఉదాహరణ కూడా ఈ సీమలోనే ఉంది. 2003 నుంచి కొన్నేళ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల ప్రాజెక్టు నడిచింది. ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు, ఎవరి బోరూ మూయించలేదు. రైతులకు వర్షమాపకాలు ఇచ్చి, బోరులో నీటిమట్టం కొలవడం నేర్పారు. పడిన వాన ఎంత, నేలలో ఇంకింది ఎంత, తోడుకున్నది ఎంత అని వాళ్లే లెక్కకట్టారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట ఎన్ని ఎకరాలు సరిపోతుందో పద్దు వేసుకునేవారు. వరి తగ్గించినవాళ్లు, ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లు ఎవరి ఒత్తిడితోనో మారలేదు, తాము కొలిచిన అంకెను చూసి మారారు. బయటివాళ్లు చెప్పిన లెక్కను అనుమానించే మనిషి, తన చేత్తో కొలిచిన లెక్కను కాదనలేడు.

ఇప్పుడు రుతుపవనాలకు ముందే నవధాన్యాల గింజలు చల్లి నేలను కప్పి ఉంచే ప్రకృతి సేద్యం 2016 తర్వాత రాష్ట్రంలో విస్తరిస్తోంది. పెట్టుబడి లేని సేద్యం పేరిట చెబుతున్న ఫలితాలకు తగిన శాస్త్రీయ ఆధారం లేదని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో అభ్యంతరం చెప్పింది. ఆచరిస్తున్న రైతుల్లో నేల మెత్తబడిందని, ఖర్చు తగ్గిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ తగాదా తేలవలసింది సభావేదికల మీద కాదు. సోమందేపల్లె లాంటి మండలంలో పక్కపక్క చేలల్లో, అయిదారు పంటకాలాల పాటు, తూకం వేసి, నీళ్లు కొలిచి తేల్చాలి. గెలిచిన చేనుతోపాటు ఓడిన చేను లెక్క కూడా పంచాయతీ గోడ మీద రాయాలి.

2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్ల పైచిలుకు పునరుత్పాదక విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. దేశం 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం సాధిస్తానని మాట ఇచ్చింది. ఈ మాట నిలబడాలి. ఎండ, గాలి దండిగా ఉన్న రాయలసీమ మీదే దాని బరువులో పెద్ద భాగం పడబోతోంది. అందుకే ఇప్పుడే కొన్ని పద్ధతులు ఖాయం చేసుకోవాలి. గాలి, సౌర ప్రాజెక్టులు పెద్దవైనప్పుడు గ్రామసభ అభిప్రాయం తప్పనిసరి కావాలి. రికార్డుల్లో బంజరని ఉన్న భూమిని తీసుకునే ముందు దాని మీద మేసే మందలు, అందులో పుట్టే వంకలు, దాన్ని కాపాడిన చేతులు ఎవరివో సర్వే చేయాలి. పలకలు కడగడానికి ఏటా ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి వాడుతున్నారో, ఊరివాళ్లకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారో, ఎంత కరెంటు పుట్టిందో ప్రతి ఉగాదికీ ఆ ఊరి పంచాయతీకి తెలుగులో లెక్క చెప్పాలి. పుట్టిన ఆదాయంలో ఊరికి నికరమైన వాటా ఉండాలి. కల్పవల్లి లాంటి ఉమ్మడి అడవులను పెంచినవాళ్లకు చట్టంలో చోటు దొరకాలి.

ఇవేవీ అభివృద్ధికి అడ్డుపుల్లలు కావు. ఊరిని అడిగి, లెక్క చెప్పి కట్టిన ప్రాజెక్టుకు కోర్టు వ్యాజ్యాలు తక్కువ, కాపలా ఖర్చు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. అడగకుండా కట్టిన ప్రతి మరా, ప్రతి పలకా వాతావరణ శాస్త్రం మీదే జనానికి విరక్తి పుట్టిస్తుంది. ఆ విరక్తి ముదిరితే, నిజంగానే వేడెక్కుతున్న భూమి మీద నిజంగానే పనికొచ్చే ఉపాయం వచ్చిన రోజున కూడా ఎవరూ చెవిన పెట్టరు. ఆ రోజు నష్టపోయేది బొగ్గు కంపెనీ కాదు, వానను నమ్ముకున్న ఈ మెట్ట రైతే.

అందుకని సోమందేపల్లె రైతు అనుమానాన్ని అణచాలని చూడకండి. అది ఈ సీమ కష్టపడి సంపాదించుకున్న తెలివి. దాని చేతికి వర్షమాపకం, నీటి పద్దు, ప్రాజెక్టు ఖాతా ఇవ్వండి. అడిగినదానికి జవాబు చెప్పండి, తెలియనిదాన్ని ఇంకా తెలియదనండి, విఫలమైనదాన్ని విఫలమైందని ఒప్పుకోండి. ఇంత జరిగాక కూడా నమ్మని మనిషి ఉంటే అప్పుడు ఆయన్ను తప్పుపడదాం. ఇప్పటికైతే జవాబు బాకీ ఉన్నది మనమే.